కప్పు దించాక చెప్పే ధర

కొత్తవలస జంక్షన్లో టీ కొట్టు ముందు నిలబడి "ఈ ఏడు పాత కప్పు తీయించేసి శ్లాబు వేయిద్దామనుకుంటున్నాను" అని కాస్త గట్టిగా అని చూడండి. చేతిలో టీ చల్లారేలోగా మీ ఇంటికి అరడజను ధరలు పలుకుతాయి. ఆటో తుడుచుకుంటున్న కుర్రాడు ఒకటి చెబుతాడు. రైల్వేలో రిటైరైన పెద్దాయన ఇంకోటి చెబుతాడు. తను ఇల్లు కట్టిన రోజుల్లో సిమెంటు బస్తా ఎంతకి వచ్చిందో ఈనాటికీ అదే న్యాయమైన ధర అని ఆయన నమ్మకం. పేపరు చదువుకుంటున్న మనిషి తలెత్తకుండానే "అడుక్కింత ఏసుకోండి, సరిపోద్ది" అని తీర్పు చెప్పేస్తాడు. వీళ్లలో ఒక్కరికీ మీ ఇల్లు ఏ వీధిలో ఉందో తెలీదు. పెళ్లి సంబంధమైతే కనీసం గోత్రమైనా అడుగుతారు. ఇంటి కప్పుకి ఆ మాత్రం మర్యాద కూడా లేదు.

"అడుక్కింత" అన్నది ఈ ప్రాంతపు గృహనిర్మాణానికి మూలమంత్రం. ఏ అడుగు అని మాత్రం అడగకూడదు. గోడల లోపలి అడుగా, గోడలు కలుపుకున్న అడుగా, చూరుతో సహా కొలిచిన అడుగా? ఈ అడుగుల మధ్య తేడాలోనే పిల్లల కాలేజీ ఫీజులూ, అమ్మల మెళ్లో గొలుసులూ కరిగిపోయాయి.

మా వీధి చివర ఒక రిటైర్డు మాస్టారున్నారు. మట్టి అడుసుతో కట్టిన గోడల మీద పెంకుటిల్లు. వెన్నుగర్ర వంగింది, వాసాలు చెదపట్టాయి, వానొస్తే గిన్నెలు పరుచుకుని మేలుకోవడమే. విశాఖలో ఉన్న పిల్లలు "ఇంకా ఆ పెంకులేంటి నాన్నా, శ్లాబు వేయించెయ్" అన్నారు. మేస్త్రి వచ్చాడు. బండి దిగలేదు. ఒక కాలు నేలకి ఆనించి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎదురు వీధి నుంచే ఇంటిని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. టేపు బండి పెట్టెలో ఉంది. అక్కడే ఉండిపోయింది.

"ఏం మేస్త్రీ, ఎంతవుతుందంటావు?"

"మీకాడ నేనెక్కువ సెప్తానేటి మాస్టారూ? మీ దగ్గిర సదూకున్నోణ్ణి."

"చదువుకున్నావు సరే, కొలవ్వా?"

"కొలడానికేటున్నాది? ఎడం ఇరవై, పొడుగు ముప్పై. ఆరొందలడుగులు. సూస్తే తెల్దా?"

పోయిన నెల క్యాలెండరు కాగితం అడిగి తీసుకుని, వెంకటేశ్వరస్వామి బొమ్మ వెనక 600 అని రాసి, దాని కింద రెండు గీతలు కొట్టాడు. అడ్వాన్సు అందుకుని కాగితం మాస్టారి చేతిలో పెట్టాడు. ఆ క్షణం నుంచి అది ప్రామిసరీ నోటు. సంతకం ఎవరిదీ లేదు, బాకీ మాత్రం మాస్టారిది.

ఇప్పుడు లెక్క చూడండి. లోపలి కొలత 20 అడుగులూ 30 అడుగులూ నిజమే. చుట్టూ తొమ్మిదంగుళాల గోడ. దాని బయటికి నాలుగు వైపులా రెండడుగుల చూరు. అన్నీ కలిపి ఎడం 25న్నర, పొడుగు 35న్నర. గుణించండి: 905 చదరపు అడుగులు. శ్లాబు పడ్డాక మేస్త్రి కొలిచినది ఇదే. అప్పుడు మాత్రం టేపు తీశాడు, నిచ్చెన కూడా వేశాడు.

"ఆరొందలన్నావు కదయ్యా!"

"అది లోపలి లెక్క మాస్టారూ. వోన లోపల పడతాదేటి?"

ఈ జవాబుకి ఏ లెక్కల మాస్టారు మాత్రం ఏం చెప్పగలడు? తప్పు పట్టడానికేం లేదు. 600 అబద్ధం కాదు, 905 అబద్ధం కాదు. ఒకటి ఒప్పించడానికి, ఇంకోటి వసూలు చేయడానికి.

కూలితో పోయేది కాదిది. 5 అంగుళాల మందాన 600 అడుగుల శ్లాబుకి కాంక్రీటు 250 ఘనపుటడుగులు. మామూలు ఒకటి-ఒకటిన్నర-మూడు పాళ్లలో కలిపితే సిమెంటు 57 బస్తాలు, ఇసక సుమారు 105 ఘనపుటడుగులు, పిక్క దానికి రెట్టింపు, ఐరన్ అర టన్ను పైచిలుకు. అదే 905 అయ్యేసరికి సిమెంటు 86 బస్తాలు, ఐరన్ 850 కిలోల దాకా. ఇరవైతొమ్మిది బస్తాల తేడా ఒక్క చూరులోంచీ గోడలోంచీ పుట్టుకొచ్చింది. ధరలు నేను రాయను. రాసిన ధర పత్రిక అచ్చయ్యేలోగా పాతబడుతుంది, చదివిన మేస్త్రి నన్ను చూసి నవ్వుతాడు.

ఆ క్యాలెండరు కాగితంలో లేనివి చెప్పుకోవాలంటే పంచాంగం అంత పుస్తకం కావాలి. పాత పెంకులు దించే కూలి లేదు. దించినవి పట్టుకుపోయే ట్రాక్టరు లేదు. సెంట్రింగు సామాను అద్దె ఇన్ని రోజులు దాటితే ఇంత అన్న మాట లేదు. కరెంటు పైపులు, ఫ్యాను హుక్కులు, మిక్సరు, లిఫ్టు లేవు. శ్లాబు రోజు కూలీలకి కోడి, సాయంత్రం సీసా, మేస్త్రికి కొత్త బట్టలు లేవు. అవి ఆచారం కాబట్టి అంచనాలో రాయకూడదట. కాంక్రీటు పోశాక నీళ్లు నిలపడం కూడా లేదు. ఇప్పుడు అమ్ముతున్న బూడిద కలిసిన సిమెంటుకి కనీసం పది రోజులు తడి ఆరనివ్వకూడదని ప్రమాణాల పుస్తకం చెబుతుంది. ఆ పని మాస్టారిది, వేసవిలో నీళ్ల ట్యాంకరు ఖర్చూ మాస్టారిదే. అన్నిటికన్నా నాకు నచ్చింది మెట్లు. డాబా వేశాక దాని మీదికి ఎక్కాలంటే మెట్లుండాలన్న సంగతి శ్లాబు ఆరాక, పైన నీళ్లు పోయాల్సిన పొద్దున, ఇంటిల్లిపాదికీ ఒక్కసారే తట్టింది. "మెట్లు ఏరే కదా మాస్టారూ" అన్నాడు మేస్త్రి, జాలిగా.

పాత సామాను సంగతి ఇంకో కథ. "ఆ చెత్తంతా నేనే పట్టుకుపోతానులెండి" అన్నది మేస్త్రి చేసిన ఒకే ఒక్క ఉపకారం. తాతల నాటి తాటి దూలాలు, టేకు గుమ్మం పైకమ్మీ, చేత్తో కొట్టి చూస్తే కంచులా మోగే బెంగళూరు పెంకులూ చెత్తలో లెక్క. పేరు బెంగళూరుదైనా, 1860లలో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో కార్ఖానా పెట్టి మొదలెట్టిన ఆ రకం పెంకు వందేళ్లయినా పనికొస్తుంది. కొండల దారిలో కొత్తగా లేచే రిసార్టులు "పల్లె వాతావరణం" కోసం అలాంటివాటినే వెతుక్కుని కొంటున్నాయి. మనం డబ్బులిచ్చి దింపించుకున్న కప్పు కింద పడుకోవడానికి వాళ్లు రాత్రికింత అని వసూలు చేస్తారు.

ఇక ఐరన్. ఈ కథ మా ఊళ్లో స్టేషను ప్లాట్‌ఫాం మీద నిలబడితే కళ్లారా కనబడుతుంది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి వేసిన రైలు మార్గం 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకి పంపడానికి పుట్టింది. ఆ ఖనిజం ఇప్పటికీ వ్యాగన్లకి వ్యాగన్లు మా ముందు నుంచే దిగుతుంది. సొంత గనులు లేని విశాఖ ఉక్కు దాన్ని కొనుక్కుని ఊచలు చేస్తుంది. ఊచలు లారీ ఎక్కి మళ్లీ మా ఊరే వస్తాయి. పోయేటప్పుడు దుమ్ము మాకు, వచ్చేటప్పుడు బిల్లు మాకు. ఇంత దగ్గర్లో పుట్టి ఇంత దూరం తిరిగొచ్చే వస్తువుకి ధర ఎందుకు పెరిగిందని అడిగితే, షాపతను ఉక్రెయిన్ యుద్ధం గురించి చెబుతాడు.

ఇసక మాత్రం ఉచితం. 2024 జూలై 8 నుంచి మళ్లీ ఉచితం. నదిలో ఉన్నంతసేపూ ఉచితం. ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కగానే తవ్వకం, ఎత్తుడు, కిరాయి, దారి ఖర్చులు అన్నీ ఒకదాని వెనక ఒకటి కూర్చుంటాయి. మా వీధిలో దిగేసరికి ఆ ఉచితానికి బేరం ఆడాల్సి వస్తుంది. సిమెంటు మీద 2017 నుంచి ఎనిమిదేళ్లు 28 శాతం జీఎస్టీ వేశారు. సెస్సు మాట పక్కన పెడితే, ఖరీదైన కార్లకీ పాన్ మసాలాకీ అదే రేటు. గొడుగు లేని మనిషి నెత్తిన కప్పు వేసుకోవడం మన దేశంలో అన్నాళ్లు విలాసం కిందే లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి తగ్గించారు. తగ్గిన ఆ పదిని మాస్టారి మేస్త్రి లెక్కలో వెతికాను. కనబడలేదు. బహుశా అదీ లోపలి కొలతే అయ్యుంటుంది.

ఇంతా చేసి మేస్త్రిని తిడతామని మీరనుకుంటే పొరపాటు. నిజం చెప్పిన మేస్త్రికి మా ఊళ్లో పని దొరకదు. ఒకాయన ఇల్లంతా కొలిచి, నిచ్చెనెక్కి వాసాలు తట్టి చూసి, మూడు పేజీల నిండా వివరంగా రాసిచ్చాడు. ఎవరికీ నచ్చలేదు. "మరీ భయపెట్టేస్తున్నాడు" అన్నారు. మర్నాడు వీధి అవతలి నుంచి కన్నుతో కొలిచేవాడొచ్చి సగానికి చెప్పాడు. చేటంత మొహం చేసుకుని అడ్వాన్సిచ్చారు. అబద్ధం చెప్పడం మేస్త్రి వృత్తి కాదు, మనం కొనుక్కునే సరుకది. పైగా ఆ మేస్త్రి కూడా సాయంత్రానికి వెళ్లి పడుకునేది రేకుల కిందే. తన ఇంటికి శ్లాబు ఎప్పుడని అడిగితే "నాకెవడు తక్కువకి సేస్తాడు బాబూ" అంటాడు. ఆ ఒక్క అంచనా మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

అసలు గుట్టు ఇక్కడుంది. మన దగ్గర అంచనా వేసేది కప్పు ఖర్చు తెలుసుకోవడానికి కాదు, పాత కప్పు దింపించడానికి. పెంకులు ఇంటి మీద ఉన్నంతవరకూ మీరు యజమాని. నచ్చకపోతే ఇంకో మేస్త్రిని పిలుస్తారు, వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారు. పెంకులు దిగి వాకిట్లో పడ్డాక మీరు యజమాని కాదు, కుడితిలో పడ్డ ఎలక. అక్కణ్ణుంచి ధర చెప్పేది మేస్త్రి కాదు, మబ్బు. చీటీ పాడి, జీడిమామిడి డబ్బు చేతికొచ్చి, ఆషాఢం వెళ్లి, మంచిరోజు కుదిరి, పెందుర్తిలో ఇంకో శ్లాబు ఒప్పుకున్న మేస్త్రి ఖాళీ అయ్యేసరికి దసరా ముంచుకొస్తుంది. బంగాళాఖాతానికి మన ముహూర్తాలు బాగా తెలుసు. ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. తిత్లీ పలాస దగ్గర దిగింది 2018 అక్టోబరు 11న. ఏ పంచాంగమూ రాయని ఈ వర్జ్యం చూసుకోకుండా ఇంటి కప్పు దింపేవాడికి నిజంగా ధైర్యం ఎక్కువ.

మాస్టారిల్లు అలా నడివీధి పాలైన రోజుల్లో అల్పపీడనం వార్త వచ్చింది. మేస్త్రి ఫోను ఎత్తడం మానేశాడు. ఎత్తినప్పుడు "రేట్లు పెరిగిపోనాయి మాస్టారూ, కూలోళ్లు రానంటన్నారు" అన్నాడు. బీరువా మీద, మంచం మీద, దేవుడి పటాల మీద నీలం పట్టా కప్పుకుని ఆ దంపతులు పక్కింటి వరండాలో పడుకున్నారు. అడుక్కి రేటు ఆ రాత్రే మారింది. "ఎంతైనా సరే, వచ్చి పని మొదలెట్టు నాయనా" అని మాస్టారు అన్నప్పుడు దస్తావేజు మీద సంతకం అయినట్టే.

ఇందులో నవ్వులాటకి వీల్లేని సంగతి ఒకటుంది, అందుకే దాన్ని ఏ అంచనాలోనూ రాయరు. అది బరువు. ఆ 905 అడుగుల శ్లాబు తూగేది దగ్గర దగ్గర 27 టన్నులు. అంతే మేర సిమెంటు రేకులు వేస్తే టన్నుంబావు ఉంటుందేమో. రేకులకి ఇరవై రెట్లకు పైగా ఉన్న ఈ బరువుని మోయాల్సింది ఎవరు? మట్టి అడుసుతో పేర్చి పైన సున్నం పూసిన పాత గోడ. ఆ గోడ గురించి మేస్త్రి అడగలేదు, పిల్లలు అడగలేదు, టీ కొట్టు నిపుణులు అడగలేదు. ఇంజినీరుని పిలిస్తే ఫీజు దండగ అన్నారు. నాలుగు మూలలా స్తంభాలు లేపి, పైన బీములు కట్టి, అప్పుడు శ్లాబు వేయాలంటే అది కప్పు మార్చడం కాదు, ఇల్లు మార్చడం. మాస్టారి అదృష్టం, సెంట్రింగు కర్రలు నిలబెట్టిన రోజున ఒక గోడ ముందే బీట తీసి మాట్లాడింది. స్తంభాలు లేచాయి. కాగితం మీది 600కి ఆ స్తంభాలతో చుట్టరికం లేదు కాబట్టి వాటికి వేరే కాగితం, వేరే స్వామివారి బొమ్మ.

శ్లాబు మోయలేమని తెలిసినవాళ్లు మళ్లీ రేకులకే వస్తారు. అక్కడ అంచనా ఇంకా సులువు: రేకులెన్ని, బోల్టులెన్ని. రేకు మీద రేకు ఆరంగుళాలు కప్పాలి, పక్కకీ ఒక మెట్టు కప్పాలి. ఆ కప్పుకున్న భాగమంతా డబ్బిచ్చి కొన్నదే గాని అడుగుల లెక్కలోకి రాదు. బోల్టుల దగ్గరికొచ్చేసరికి మేస్త్రికి ఎక్కడలేని పొదుపు పుట్టుకొస్తుంది. పక్కనున్న విశాఖకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు లెక్కవేసుకుని కట్టుకోమని జాతీయ ప్రమాణాలు ఏనాడో చెప్పాయి. గాలి రేకుని కిందికి నొక్కదు, పైకి పీకుతుంది. ముందు చూరు దగ్గరా, మూలల్లో, వెన్ను దగ్గరా పీకుతుంది. బోల్టులు దగ్గరదగ్గరగా వేయాల్సింది అక్కడే. సరిగ్గా అక్కడే మా వాళ్లు బోల్టు మానేసి బండరాయి పెడతారు. హుద్‌హుద్ వచ్చిన రోజు రేకుతో పాటు రాయి కూడా లేచింది. వాషరు ఖరీదు ఎంతనుకున్నారు? టీ కన్నా తక్కువ.

పాత సిమెంటు రేకులు దింపే పద్ధతి కూడా ఒకసారి చూడండి. సుత్తితో కొట్టి ముక్కలు చేసి, ఆ తెల్లటి పొడి పీలుస్తూ, పిల్లలు చూస్తుండగా వీధి గుంతలో పోస్తారు. అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఏ రకం ఆస్‌బెస్టాస్ అయినా క్యాన్సరు తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో గనులు మూసుకున్నాం, రష్యా లాంటి చోట్ల నుంచి దిగుమతి మాత్రం మానుకోలేదు. మన కొండ తవ్వితే ప్రమాదం, ఓడలో వస్తే సరుకు. దింపే ముందు రేకుని నీళ్లతో తడిపి, పగలగొట్టకుండా దింపితే చాలావరకు నయం. ఒక బకెట్టు నీళ్లు, కాస్త ఓపిక. అంచనాలో ఆ వరస ఎవరూ రాయలేదు.

మేస్త్రిది కన్ను లెక్క అనుకుంటే, ప్రభుత్వానిది కళ్లు మూసుకుని చేసే లెక్క. కాగితం మాత్రం బహు ముచ్చటగా ఉంటుంది. ఎస్సెస్సార్ అని ధరల పట్టిక, దానికి డేటా, దాని మీద ఓవర్‌హెడ్లు, కాంట్రాక్టరు లాభం కలిపి 13.615 శాతం. మూడో దశాంశం దాకా లాభం తెలిసిన దేశం మనది. ఊహించని ఖర్చులని ముందే ఊహించి వాటికీ ఒక వరస కేటాయిస్తారు. అదే ప్రభుత్వం పేదవాడి ఇంటికి లెక్క వేసినప్పుడు దశాంశాలన్నీ రాలిపోతాయి. పల్లెల్లో ప్రధానమంత్రి ఆవాస్ కింద మైదాన ప్రాంతంలో ఇంటికి కేంద్రం పెట్టిన అంకె 1,20,000 రూపాయలు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, అంటే 269 చదరపు అడుగులు. పునాది, గోడ, కప్పు, తలుపు అన్నీ కలిపి అడుక్కి 446 రూపాయలన్నమాట. రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి, కాదనను. కాని 2016లో పథకం మొదలైనప్పుడు పెట్టిన అంకె ఇప్పటికీ అదే అంకె. టీ కొట్టు దగ్గర రైల్వే పెద్దాయన్ని చూసి నవ్వాం గాని, ఆయన ఢిల్లీలో ఉండాల్సిన మనిషి.

గాలి వచ్చి కప్పు ఎత్తుకుపోయాక ఈ లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. హుద్‌హుద్ అంటే మా ప్రాంతంలో మేడలకీ పూరిళ్లకీ ఒకే న్యాయం చేసిన తుపాను. విశాఖ విమానాశ్రయం పైకప్పు కూడా లేచిపోయి రోజుల తరబడి విమానాలు ఆగిపోయాయి. ఆ ఇంజినీర్లు బోల్టుల దగ్గర ఏం పొదుపు చేశారో మన మేస్త్రీలు తప్పకుండా తెలుసుకోవాలి. రాష్ట్రం తన నష్టం 21,900 కోట్లకు పైనే అని లెక్క తేల్చింది. రెండు రోజులకే, అక్టోబరు 14న, వచ్చి చూసిన ప్రధాని తక్షణ సాయంగా 1,000 కోట్లు ప్రకటించారు. ఇల్లు తడుస్తున్న మనిషి పెద్ద అంకె చెప్పడం, ఇచ్చేవాడు అడ్వాన్సుతో సరిపెట్టడం మాకు కొత్త కాదు. కొత్తదల్లా రాష్ట్ర ప్రభుత్వమే ఒకసారి మాస్టారి అరుగు మీద కూర్చోవడం.

అరుగు దిగాక ఆ బాధ ఏ ప్రభుత్వానికీ గుర్తుండదు. 2022-26 కాలానికి కేంద్ర హోంశాఖ ఇచ్చిన విపత్తు సాయం నిబంధనల్లో కొంతమేర దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000. అదీ కనీసం 15 శాతం దెబ్బతింటేనే. పశువుల పాకకి 3,000. మీ ఇల్లు కచ్చాదైతే, మీకూ మీ ఆవుకీ మధ్య తేడా వెయ్యి రూపాయలు.

ఆ 15 శాతం దగ్గరే నా ప్రాణం ఉండిపోయింది. దేంట్లో 15? కప్పులోనా, ఇంటి మొత్తంలోనా? ఇరవై రేకుల ఇంట్లో మూడు ఎగిరితే 15 శాతం, రెండే ఎగిరితే 10. కాబట్టి తుపాను రాత్రి మూడో రేకు నిలబడిందా, మీ నోట్లో మట్టే. మూడూ ఎగిరినా గోడలూ తలుపులూ కలిపి లెక్కేస్తే మళ్లీ మట్టే. కప్పు మొత్తం పోయి గోడలు నిలబడితే ఇల్లు "పాక్షికం". ఎలా నిర్ణయిస్తారయ్యా అని అడిగితే, ఫొటో తీసి ఎక్కిస్తాం అంటారు. ఫొటో వీధిలోంచి తీస్తారు. ఎగిరింది వెనకవైపు వాలు. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఇంజినీరింగ్ అసిస్టెంట్ అని ఒక కుర్రాణ్ణి వేశారు. చదువుకున్నవాడు, లెక్క తెలిసినవాడు. అతనికి అన్ని యాప్‌లూ ఇచ్చారు, నిచ్చెన ఇవ్వలేదు.

మేస్త్రీ ప్రభుత్వమూ ఇద్దరూ తక్కువే చెబుతారు. మేస్త్రి తక్కువ చెప్పేది మన పని మొదలవడానికి, ప్రభుత్వం తక్కువ చెప్పేది తన పని ముగియడానికి. ఒకాయన కప్పు దింపకముందు కొలవడు, ఇంకొకాయన కప్పు పోయాక కొలవడు. ఇద్దర్లో ఎవరు మేలంటే నేను మేస్త్రికే ఓటేస్తాను. ఆలస్యమైనా, అన్యాయమైనా, చివరికి అతనొక కప్పు వేసి పోతాడు.

మన సముద్రాల్లో ముందు ముందు పుట్టబోయే తుపాన్లకి పేర్లు 2020 ఏప్రిల్‌లోనే సిద్ధం చేసి పెట్టారు. 13 దేశాలు, దేశానికి 13 చొప్పున 169 పేర్లు. ఇంకా పుట్టని గాలికి బారసాల అయిపోయింది. అంత ముందుచూపున్న చోట మాదొక చిన్న విన్నపం. కలెక్టరు గారూ, 15 శాతం అంటే దేనిలో 15 శాతమో, ఎగిరిన రేకుల్ని ఎవరు, ఎక్కడ నిలబడి, ఎలా లెక్కపెడతారో, ఒప్పుకోకపోతే మేం ఎవరికి చెప్పుకోవాలో ఈ వేసవిలోనే ప్రతి సచివాలయం గోడ మీదా పెద్ద అక్షరాలతో రాయించండి. గోడ మీద జాగా లేదనకండి. పోయిన ప్రభుత్వపు పథకాల మీద సున్నం కొట్టిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.